‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ చరిత్రను సరిహద్దు ఊళ్ళో ఒక సాయంత్రం చెప్పడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఊళ్ళలో తెలుగువాళ్ళు పాతికమంది చేరే చోట, ఒక పాత బ్రిటిష్ హాస్య సీరియల్‌ను చూపించి దాని చరిత్ర చెప్పాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. సీరియల్ పేరు ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’. లండన్‌లో ఒక రాత్రిబడి, అందులో ఇంగ్లీషు సరిగా రాని పదిమంది విదేశీయులు, వాళ్ళకు పాఠం చెప్పడానికి వచ్చిన జెరెమీ బ్రౌన్ అనే యువ ఉపాధ్యాయుడు: కథ అంతే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, రైల్లో హిందీ, దరఖాస్తుల్లో ఇంగ్లీషు వాడుకుంటూ పెరిగిన మనకు ఆ తరగతి గది కొత్తగా తోచదు, నవ్వు వెంటనే వస్తుంది. చెప్పేవాడికి ఇబ్బంది కూడా అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే ముందే కడుపునిండా నవ్వుకున్నవాళ్ళకు ఆ తరువాత చరిత్ర వినే ఓపిక ఉండదు.

నేను మొదటిసారి చేసిన తప్పు అదే. పర్లాకిమిడిలో మా వీధి అరుగు మీద తెర కట్టి, ముందు ఎపిసోడ్ మొత్తం వేసేసి, ఆ తరువాత ఉపన్యాసం మొదలుపెట్టాను. సరిహద్దుకు అవతల ఆంధ్రాలోని పాతపట్నం నుంచి వచ్చినవాళ్ళు ఆఖరి బస్సు గుర్తొచ్చి లేచారు, మిగిలినవాళ్ళు టీ కోసం లేచారు. పైగా నేను ఇది బీబీసీ వారిదని ధీమాగా చెప్పాను. ముందు వరుసలో కూర్చున్న డిగ్రీ కుర్రాడు, “కాదు మాస్టారూ, ఐటీవీ వాళ్ళది” అని మర్యాదగానే దిద్దాడు. ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పినవాడికి ఆ దిద్దుబాటు తగలవలసిన చోటే తగిలింది. అందుకని ఏ సీరియల్ చరిత్ర చెప్పదలచినా ముందుగా ఒక్క పేజీలో తేదీల పట్టిక రాసుకోండి, అది చేతిలో లేనిదే తెర కట్టకండి.

ఈ సీరియల్‌కు ఆ పేజీ ఇలా ఉంటుంది. దీన్ని నిర్మించినది లండన్ వీకెండ్ టెలివిజన్, రాసినది విన్స్ పావెల్, దర్శకుడు స్టూవర్ట్ అలెన్. మొదటి ఎపిసోడ్ 1977 డిసెంబరు 30న, శుక్రవారం ప్రసారమైంది. మొదటి సీజన్‌లో 13 ఎపిసోడ్‌లు, 1978లో వచ్చిన రెండో సీజన్‌లో 8, 1979లో వచ్చిన మూడో సీజన్‌లో మరో 8, అంతా కలిపి 29. ఇక్కడ ఐటీవీ అంటే ఏమిటో ఒక నిమిషం చెప్పక తప్పదు. మన దూరదర్శన్‌లాగా దేశమంతటికీ ఒకటే సంస్థ అనుకుంటే తరువాత కథ అర్థం కాదు. ఆనాటి ఐటీవీ వాణిజ్య ప్రకటనల మీద నడిచే ప్రాంతీయ కంపెనీల సమాహారం, లండన్ నగరంలో వారపు రోజుల్లో ఒక కంపెనీ, వారాంతంలో మరొక కంపెనీ ప్రసారం చేసేవి. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా తెర ఎవరి చేతిలో ఉండేదో వాళ్ళ సీరియల్ ఇది, ‘వీకెండ్’ అన్న మాట కంపెనీ పేరులో చేరింది అందుకే. వారాంతంలో కుటుంబమంతా కలిసి కూర్చుని నవ్వుకోవడానికి తీసిన సరుకు కనుక, దాని హాస్యం అంత బిగ్గరగా ఉండడం సహజం.

మూడో సీజన్ తేదీ దగ్గర ఒక చిన్న సంగతి కలపండి, శ్రోతలు ఆసక్తిగా వింటారు. 1979 ఆగస్టు 10 నుంచి అక్టోబరు 24 దాకా సాంకేతిక సిబ్బంది సమ్మె వల్ల ఐటీవీ దాదాపు దేశమంతటా మూగబోయింది. ఆ సమ్మె ముగిసిన కొద్ది రోజులకే, అక్టోబరు నెలాఖరులో, జెరెమీ బ్రౌన్ తరగతి మూడోసారి తెరుచుకుంది. రెండు నెలలకు పైగా ఖాళీ తెర చూసిన ప్రేక్షకులు ఎంత ఆకలితో ఉండి ఉంటారో ఊహించుకోవడం శ్రోతలకే వదిలేయండి.

తేదీల తరువాత ఈ సీరియల్ ఏ నేల మీద మొలిచిందో చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం తరువాత పాత వలసల నుంచి బ్రిటన్‌కు వెళ్ళి స్థిరపడినవాళ్ళు పెరిగారు. 1971లో వలసల మీద కట్టుదిట్టమైన చట్టం వచ్చింది, 1976లో జాతి వివక్షను నిషేధిస్తూ మరో చట్టం వచ్చింది. ఆ దశకంలో వాళ్ళ టీవీ హాస్యానికి పొరుగింటి పరదేశి పెద్ద ముడిసరుకు. ఇదే లండన్ వీకెండ్ టెలివిజన్ 1969లో ‘కరీ అండ్ చిప్స్’ అనే సీరియల్‌లో తెల్ల హాస్యనటుడు స్పైక్ మిల్లిగన్‌కు ముఖానికి రంగు పూసి దక్షిణాసియావాడిగా చూపించింది. విన్స్ పావెల్ అంతకుముందు హ్యారీ డ్రైవర్‌తో కలిసి రాసిన ‘లవ్ దై నైబర్’ 1972లో మరో కంపెనీ తెర మీద మొదలైంది, అందులో తెల్ల కుటుంబం పక్కింట్లోకి నల్ల కుటుంబం దిగుతుంది. 1974లో బీబీసీ మొదలుపెట్టిన ‘ఇట్ ఎయింట్ హాఫ్ హాట్ మమ్’ కథ మన మహారాష్ట్రలోని దేవలాలీ సైనిక శిబిరంలో నడుస్తుంది, అందులో భారతీయుడైన బేరర్ వేషం వేసిన మైకేల్ బేట్స్ తెల్లవాడు, పుట్టింది మాత్రం ఝాన్సీలో. ఈ మూడింటినీ తలా రెండు వాక్యాల్లో ముగించండి. ఇవి చెప్పకపోతే ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ ఏ విషయంలో ఒక అడుగు ముందుకు వేసిందో తెలియదు: ఇక్కడ సర్దార్జీ వేషానికైనా, చైనా యువతి వేషానికైనా రంగు పూసిన తెల్లవాళ్ళను తేలేదు.

ఇప్పుడు సాయంత్రంలోకెల్లా రసవత్తరమైన ఘట్టం. ఒక పెద్ద చార్టు కాగితం తీసుకుని నిలువుగా మూడు గళ్ళు గీయండి. మొదటి గడిలో పాత్ర పేరు, రెండో గడిలో ఆ పాత్ర ఏ దేశానిదో, మూడో గడిలో నటుడు ఎక్కడ పుట్టాడో రాయండి. మూడో గడిని మరో కాగితంతో కప్పి ఉంచి, ఒక్కొక్కటే కిందికి జరుపుతూ చూపించండి. అలీ నదీమ్ పాకిస్తానీ. ఆ వేషం వేసిన డినో షఫీక్ పుట్టింది ఢాకాలో. రంజిత్ సింగ్ పంజాబు సర్దార్జీ. వేసిన ఆల్బర్ట్ మోజెస్ పుట్టింది సింహళంలోని గంపోలలో. ఫ్రెంచి యువతి డేనియెల్ వేషం వేసిన ఫ్రాన్స్వాజ్ పాస్కల్‌ది మారిషస్. స్పెయిన్ దేశస్థుడు హువాన్ వేషం వేసిన రికార్డో మోంటెజ్ జిబ్రాల్టర్‌లో పుట్టాడు. గ్రీకువాడు మాక్స్ వేషం వేసిన కెవోర్క్ మాలిక్యాన్ టర్కీలో పుట్టిన ఆర్మీనియన్. చైనా యువతి సూ లీ వేషం వేసిన పిక్ సెన్ లిమ్ మలేషియాలోని పెనాంగ్ మనిషి. జమీలా వేషం వేసిన జమీలా మాసీ సిమ్లాలో పుట్టింది.

ఈ చార్టును మొదటిసారి విప్పినప్పుడు ఒక పెద్దాయన ఢాకా గడి దగ్గర ఆపమన్నారు. “ఆయన పుట్టినప్పుడు అది మన దేశమే కదా, తరువాత పాకిస్తాన్, ఆ తరువాత బంగ్లాదేశ్. మనిషి కదలకపోయినా దేశం కదిలిందన్నమాట” అన్నారు. పర్లాకిమిడిలో ఆ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు, మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో నిద్రపోయిన మా తాతలు మరో రాష్ట్రంలో నిద్రలేచారు. ఊరు అక్కడే ఉంది, మహేంద్రతనయ అక్కడే పారుతోంది, ఇళ్ళలో మాట మారలేదు. సీరియల్‌లో ‘విదేశీ విద్యార్థులు’గా కూర్చున్నవాళ్ళలో పలువురు పుట్టింది బ్రిటిష్ జెండా ఎగిరిన నేల మీదనే అన్న సంగతి ఈ మూడో గడి చూస్తే తప్ప తట్టదు. ఢాకా, గంపోల, సిమ్లా, పెనాంగ్, మారిషస్, జిబ్రాల్టర్: లండన్ వాళ్ళు పరాయివాళ్ళని నవ్విన తరగతిలో సగానికి పైగా వాళ్ళ సామ్రాజ్యపు పిల్లలే. ఈ సీరియల్ గురించి నేను చెప్పదలచిన అసలు మాట ఇదే కనుక, ఈ ఘట్టానికి ఇరవై నిమిషాలు కేటాయించండి, తొందరపడవద్దు.

ఎపిసోడ్ వేసే ముందు శ్రోతలకు యాస హాస్యం ఎలా పనిచేస్తుందో మన నోటితోనే చూపించాలి. ఇంగ్లీషు శ్లేషలను తెలుగులోకి మార్చి వివరించే ప్రయత్నం చేయకండి, వివరించిన శ్లేష చల్లారిన పెసరట్టుతో సమానం. దానికి బదులు మన ఊరి శ్లేషలు రెండు మూడు వినిపించండి. ఒడియా ఇంట్లో భోజనానికి కూర్చున్న తెలుగు పిల్లవాడి విస్తరి దగ్గరికి ఇల్లాలు అన్నం గిన్నెతో వచ్చి, “ఆఉ?” అంటుంది. ఇంకొంచెం వేయమంటావా అని దాని అర్థం. పిల్లవాడు ఆవు ఎక్కడుందా అని గుమ్మం వైపు చూస్తాడు. ఆమె వడ్డిస్తూ పోతుంటే వాడు చేయి అడ్డం పెట్టి, “చాలు, చాలు” అంటాడు. ఒడియాలో ‘చాల’ అంటే నడు, పద అని అర్థం కనుక, అన్నం మధ్యలో ఎక్కడికి బయల్దేరమంటున్నాడో ఆమెకు తోచదు. ‘పాణి’ అంటే ఆమెకు నీళ్ళు, ‘పని’ అంటే వాడికి పని. ఇందులో తెలివితక్కువవాళ్ళు ఎవరూ లేరు, ఇద్దరూ తమ తమ భాషల్లో తప్పులేకుండా మాట్లాడారు. నవ్వు రెండు భాషల నడుమ ఉన్న గోడలోంచి పుట్టింది. ఈ తేడా చెవికి పట్టిన తరువాత సీరియల్ వేస్తే, ఎక్కడ గోడను చూసి నవ్వుతున్నామో, ఎక్కడ మనిషిని చూసి నవ్వుతున్నామో ప్రేక్షకులు తామే విడదీసుకుంటారు.

ఎపిసోడ్‌లలో మొదటిదే వేయండి, అందులో పాత్రలన్నీ ఒక్కొక్కటిగా తలుపు తీసుకుని లోపలికి వస్తాయి కనుక పరిచయాలు వేరే అక్కర్లేదు. ఒక్కో ఎపిసోడ్ నిడివి సుమారు 25 నిమిషాలు, నడిమధ్యలో ప్రకటనల విరామం కోసం కథ ఆగుతుంది. ఆ విరామమే మీరు ప్రొజెక్టర్ ఆపి మాట్లాడడానికి తగిన చోటు, వేరే చోట ఆపితే పిల్లలు గొడవ చేస్తారు, వాళ్ళ తప్పు లేదు.

ఆగినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న జమీలా గురించి. చేతిలో అల్లికతో వచ్చి కూర్చున్న ఆమెకు ఇంగ్లీషు ముక్క రాదు, మాట్లాడేదంతా హిందుస్తానీ. స్టూడియోలో కూర్చున్న లండన్ ప్రేక్షకులు ఆ మాటలు అర్థం కాకనే నవ్వారు. మన అరుగు మీద కూర్చున్నవాళ్ళకు ఆ మాటలు సుబ్బరంగా అర్థమయ్యాయి. మా ఊళ్ళో ఆ చోట ఎవరూ నవ్వలేదు, రికార్డయిన నవ్వు మాత్రం గదంతా మోగింది. ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టకుండా, వాళ్ళెందుకు నవ్వారు, మనమెందుకు నవ్వలేదు అని మాత్రం అడగండి. అరగంట ఉపన్యాసంలో నేను చెప్పలేనిది ఆ ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో దొరికింది.

రెండో ప్రశ్న సిడ్నీ గురించి. అతను ఆ బడి కాపలాదారు, లండన్‌లో పుట్టి పెరిగిన కాక్నీ మనిషి, అంటే తూర్పు లండన్ శ్రామికుల యాస మాట్లాడేవాడు. కాక్నీ వాళ్ళ ప్రాసభాషలో మెట్లను ‘ఆపిల్స్ అండ్ పేర్స్’ అంటారు, ఇంగ్లీషులో మెట్లను సూచించే మాటకు అది ప్రాస కలుస్తుంది, అంతకుమించి సంబంధం లేదు. పుస్తకపు ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థులకు అసలు సిసలు ఇంగ్లీషువాడి మాట తలకెక్కదు. తరగతిలో దిద్దే ఇంగ్లీషు ఎవరిది, వీధిలో వినిపించే ఇంగ్లీషు ఎవరిది అన్న ప్రశ్న వేయడానికి పర్లాకిమిడి కంటే తగిన ఊరు లేదని నా అభిమానం. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో మా ఊరి రాజావారి బడిలోనే ఉపాధ్యాయులుగా చేరారు, జనం నోటి తెలుగును బడిలోకి తేవాలని పోరాడారు, అందరూ చిన్నచూపు చూసిన సవర భాషను కష్టపడి నేర్చుకుని దానికి 1931లో వ్యాకరణ గ్రంథం, 1938లో నిఘంటువు వెలువరించారు. జెరెమీ బ్రౌన్ మంచివాడే, ఓపిక గలవాడే, కాని విద్యార్థుల భాష ఒక్క ముక్కయినా తాను నేర్చుకుందామని కూర్చోడు. ఈ పోలికను ఒక్కసారి అని వదిలేయండి, సాగదీస్తే సీరియల్ పక్కకు పోయి సభ పంతులుగారి జయంతి అయిపోతుంది.

విరామం తరువాత మిగిలిన సగం వేసి, ఆ పిమ్మట సీరియల్ ఎందుకు ఆగిందో చెప్పండి. ఇక్కడ పక్షం వహించకుండా చెప్పడం నేర్చుకోవాలి. ప్రేక్షకాదరణ ఉండగానే, లండన్ వీకెండ్ టెలివిజన్ కార్యక్రమాల అధిపతి మైకేల్ గ్రేడ్ దీన్ని ఆపించాడు, ఒక్కొక్క జాతిని ఒక్కొక్క మూసలో పోసి నవ్వడం అభ్యంతరకరమని ఆయన భావించాడు. ఆ మాటలో నిజం ఉంది: ఇటలీవాడు వంటవాడు, జపానువాడు వంగి దణ్ణాలు పెట్టేవాడు, చైనా యువతి చేతిలో మావో ఎర్ర పుస్తకం, ఫ్రెంచి యువతి వయ్యారి. మరోవైపు ఏ జాతుల తరఫున ఆయన నొచ్చుకున్నాడో ఆ జాతుల దేశాల్లోనే ఇది విరగబడి ఆడింది. భారత్, పాకిస్తాన్, శ్రీలంక, మలేషియా, సింగపూర్, నైజీరియాలలో దీనికి అభిమానులు పుట్టుకొచ్చారు. నా మట్టుకు నాకు గ్రేడ్ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది, అయినా అలీ తెర మీదికి రాగానే ముఖం వికసిస్తుంది. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చని శ్రోతల ముందు ఒప్పుకోవడంలో చిన్నతనం లేదు.

తరువాతి చరిత్రను క్లుప్తంగా ముగించవచ్చు. 1986లో ఒక స్వతంత్ర నిర్మాణ సంస్థ 13 ఎపిసోడ్‌లతో నాలుగో సీజన్ తీసింది, కాని దాన్ని దేశమంతటా ఒకేసారి ప్రసారం చేయలేదు. డినో షఫీక్ 1984లోనే కన్నుమూయడంతో అందులో అలీ లేడు, అలీ లేని తరగతికి పాత కళ రాలేదు. జెరెమీ బ్రౌన్‌గా నటించిన బ్యారీ ఎవాన్స్‌కు తరువాత అవకాశాలు తగ్గిపోయి టాక్సీ నడుపుకున్నాడు, 1997లో 53 ఏళ్ళకు చనిపోయాడు. అమెరికాలో 1986లోనే ‘వాట్ ఎ కంట్రీ’ పేరుతో ఒక రూపాంతరం వచ్చింది, అక్కడ తరగతి పౌరసత్వ పరీక్షకు చదువుకునేవాళ్ళది.

మనకు దగ్గరి రూపాంతరం 1993లో దూరదర్శన్ మెట్రోలో వచ్చిన ‘జబాన్ సంభాల్‌కే’. పంకజ్ కపూర్ హిందీ మాస్టారు, విద్యార్థులు దేశంలోని నానా రాష్ట్రాలవాళ్ళు, విదేశీయులు. నలభై దాటినవాళ్ళు సభలో ఉంటే ఈ పేరు చెప్పగానే కుర్చీలో ముందుకు జరుగుతారు. కాబట్టి దీన్ని ఆఖరున చెప్పండి, ముందే చెబితే వాళ్ళు చిన్ననాటి కబుర్లలో పడి బ్రిటన్ సంగతి పక్కన పెడతారు. హిందీ సీరియల్‌లో బడి ఇంగ్లీషుది కాదు, హిందీది, కనుక మూసలో పడింది ఈసారి మనమే, దక్షిణాదివాడి హిందీ యాస విని ఢిల్లీ నవ్వింది. చార్టులో ఖాళీ గడి ఒకటి ఉంచుకుని ఈ చోట టామ్ ఆల్టర్ పేరు రాయండి: వేషం ఆంగ్లేయుడిది, నటుడు అమెరికన్ మిషనరీల కొడుకు, పుట్టింది ముస్సోరీలో, ఉర్దూ మనకంటే శుభ్రంగా మాట్లాడేవాడు.

ఏర్పాట్ల విషయంలో కొన్ని జాగ్రత్తలు. పాత వీడియో టేపు నుంచి వచ్చిన సరుకు కనుక బొమ్మ మసకగా, శబ్దం సన్నగా ఉంటుంది. ల్యాప్‌టాప్ స్పీకర్లతో సరిపెట్టుకోకుండా, భజనలకు వాడే స్పీకర్ పెట్టెను ఎరువు తెచ్చుకోండి, కాని తెర పక్కన కాకుండా జనం మధ్యలో పెట్టండి, ఎందుకంటే ఈ సీరియల్‌లో ప్రతి అక్షరం ఎలా పలికారో వినపడకపోతే ఏమీ లేదు. డీవీడీలు విడుదలయ్యాయి, అవి దొరికితే వాటినే వాడండి, ముక్కలు ముక్కలుగా దొరికే వీడియోల్లో విరామం ఎక్కడ పడిందో తెలియదు. యంత్రం తయారుచేసే ఉపశీర్షికలను ఆపేయండి. అలీ ఉద్దేశపూర్వకంగా తప్పు పలికిన మాటను ఆ యంత్రం దిద్ది ఒప్పుగా చూపిస్తుంది, దానితో అసలు విషయమే మాయమవుతుంది. ఎండాకాలమైతే ఏడుకు ముందు తెర మీద బొమ్మ కనపడదు, ఆరున్నరకు చార్టుతో మొదలుపెడితే ఎపిసోడ్ వేసే వేళకు చీకటి పడుతుంది. మొత్తం గంటన్నర దాటనీయకండి.

వెళ్ళేటప్పుడు ప్రతివారికీ ఒక తెల్లకాగితం ముక్క ఇచ్చి, తమ ఇంట్లో ఒడియా, తెలుగు మాటలు తారుమారై నవ్వు పుట్టిన ఒక్క సంఘటన రాసి ఇవ్వమనండి. ఏ లిపిలో రాసినా తీసుకోండి. మా పెట్టెలో పడినవాటిలో తెలుగు మాటలు ఒడియా లిపిలో రాసినవి తొమ్మిది ఉన్నాయి. అవి చదివి వినిపించడానికి పక్కింటి పదో తరగతి పిల్లను పిలిచాను, ఆ లిపిలో ఆ తెలుగు నా కంటే తను గబగబా చదివింది.